ముక్కు మేస్త్రి

బాయిలర్లు బిగించేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే "ఎడమచేతి మూల, కింది జాయింటు" అని చెప్పగలిగినవాడు మాత్రం ఒక్కడే. అందుకే అందరూ అతన్ని ముక్కు మేస్త్రి అన్నారు. చూడడానికి ఆ ముక్కు గొప్పదేమీ కాదు. కాస్త పొట్టిది, కొసన కొంచెం ఎర్రనిది. అయినా దానికి దక్కిన గౌరవం అతని చేతులకు గానీ తలకాయకు గానీ దక్కలేదు. హోటళ్ళవాళ్ళు, ఆసుపత్రులవాళ్ళు, హాస్టళ్ళవాళ్ళు ఫోన్ చేసి మేస్త్రి ఎప్పుడొస్తాడని అడిగేవాళ్ళు కాదు. "ముక్కు ఎప్పుడొస్తుంది?" అనేవాళ్ళు.

నిజానికి గ్యాసుకు సొంత వాసన ఉండదు. కారితే మనుషులకు తెలియాలని కుళ్ళిన గుడ్డు కంపులాంటిది ఒకటి దానికి కలిపి పంపిస్తారు. ఆ కంపు అందరికీ తెలుస్తుంది. మేస్త్రికి అందరికంటే ముందు తెలిసేది, అంతే తేడా. సంచిలో గ్యాసును పసిగట్టే మీటరు ఉండేది, జాయింట్లకు పట్టి బుడగలు లేస్తాయేమో చూడడానికి సబ్బునీళ్ళ సీసా ఉండేది. పద్ధతి ప్రకారం రెండూ వాడేవాడు. కానీ తీర్పు మాత్రం ముక్కుదే. మీటరు దాని కింద సాక్షి సంతకం పెట్టేది.

ఇంట్లోనూ అంతే. వీధి మలుపులోనే పొయ్యి మీద ఏముందో చెప్పేసేవాడు. చెప్పులు విప్పుతూనే "ఏమే, కూరలో ఉప్పు మరిచావు" అనేవాడు. "ఉప్పుకు కూడా వాసన ఉంటుందని ఈయన్ని చేసుకున్నాకే తెలిసింది నాకు. పోలీసు కుక్కతో కాపురం చేస్తున్నట్టుంది నా బతుకు" అని అతని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి మూతి తిప్పేది. తిప్పే మూతిలో మురిపెం దాగేది కాదు.

ఒక చలికాలం మొదట్లో ఆ ముక్కు పోయింది.

జ్వరం వచ్చింది. ఊళ్ళో సగం మందికి వచ్చినట్టే వచ్చి, తగ్గినట్టే తగ్గింది. ఒంట్లో కాస్త ఓపిక చేరిన రోజు పొద్దున మేస్త్రి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పక్కనే పొయ్యి మీద పాలు. పాలు పొంగాయి, గిన్నె మాడింది, పొగ లేచింది. ఇంటి వెనకాల బట్టలారేస్తున్న భార్య వాసనకు పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది.

"పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారండీ?"

"ఏదో ఆలోచనలో పడ్డాను."

ఆమె అటు వెళ్ళగానే మాడిన గిన్నెను ముక్కుకు ఆనించుకున్నాడు. ఏమీ రాలేదు. ఉల్లిపాయ కోశాడు. కళ్ళలో నీళ్ళొచ్చాయి గానీ వాసన రాలేదు. బట్టల సబ్బు, బూటు పాలిష్, మూలనున్న కిరసనాయిలు డబ్బా, ఒకదాని తరువాత ఒకటి పట్టి చూశాడు. ప్రతిదీ నీళ్ళలా ఉంది. తనది కాని ముక్కును ఎవరో తెచ్చి తన మొహానికి అతికించినట్టు వేళ్ళతో దాన్ని తడుముకున్నాడు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "కొందరికి జ్వరంలో లోపలి నరం దెబ్బతింటుంది. వాసన మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా మొదట్లో అడ్డదిడ్డంగా వస్తుంది. దీనికి మందు కంటే ఓపిక ముఖ్యం" అన్నాడాయన. మేస్త్రి లేచి వెళ్ళబోతుంటే, "మీరేం పని చేస్తుంటారు?" అని అడిగాడు.

"రిపేర్లు చేస్తానండీ" అన్నాడు మేస్త్రి. వేటికి రిపేర్లో చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, పరువనుకుంటే పరువు, భయమనుకుంటే భయం. రేపో ఎల్లుండో తిరిగి వచ్చేదానికి ఇంత గోల ఎందుకులే అని సర్దిచెప్పుకున్నాడు. రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది, వాసన రాలేదు.

అసలు ముందుగా చెప్పుకోవలసిన మనిషి వియ్యంకుడు. గ్యాసు, మంట మేస్త్రి చూసుకుంటే, నీళ్ళు, పైపులు, పంపులు అతను చూసుకునేవాడు. మీసాలు రాని వయసు నుంచి ఇద్దరూ జంట. అప్పట్లో "ఒరేయ్ ముక్కూ", "ఏరా పైపూ" అని పిలుచుకునేవాళ్ళు. ఒకరి అన్నం డబ్బా ఒకరు తినేసి కొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆ తరువాత మేస్త్రి కూతురు, అతని కొడుకు ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెళ్ళి చేశారు. అంతా బాగానే ఉంది గానీ, పెళ్ళయిన మర్నాటి నుంచే కొత్త తంటా మొదలైంది. వియ్యంకులు ఒరేయ్ తురేయ్ అనుకుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారని ఇద్దరి పెళ్ళాలూ గట్టిగా గీత గీశారు. దాంతో బాయిలర్ కింద వెల్లకిలా పడుకుని, మొహం నిండా మసితో, "బావగారూ, ఆ పెద్ద పానా ఇలా అందిస్తారా?" అని ఒకరు, "అయ్యో, దానికేం భాగ్యం బావగారూ. కాస్త తల పక్కకు తీసుకోండి, బుర్ర పగిలిపోగలదు" అని ఇంకొకరు అనాల్సి వచ్చింది.

మొదట్లో నవ్వొచ్చేది. తరువాత అలవాటైపోయింది. అలవాటయ్యాక తెలియకుండానే ఇద్దరి మధ్యా పలచని తెర ఒకటి జారింది. ఒరేయ్ అనేవాడితో చెప్పుకోగలిగినవన్నీ బావగారితో చెప్పుకోలేం కదా.

మేస్త్రి కోలుకున్న కొద్దిరోజులకే హాస్టల్ పని వచ్చింది. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు ఉండే నాలుగంతస్తుల పాత భవనం. కింద నేలమాళిగలో గదులను వెచ్చబరిచే బాయిలర్ ఒకటి, స్నానాలకు నీళ్ళు కాచే పెద్ద హీటరు ఒకటి ఉన్నాయి. రెండూ కాటికి కాళ్ళు చాచుకున్నాయి. వాటిని తీసేసి కొత్తవి పెట్టాలి. వార్డెనమ్మ బక్కపలచటి మనిషి, మాట మాత్రం పదును.

"చూడండి మేస్త్రిగారూ, మా పిల్లలు అన్నం లేకపోయినా ఊరుకుంటారు గానీ వేడినీళ్ళు లేకపోతే నా మీదికి దండెత్తి వస్తారు. చలి ముదరకముందే కానిచ్చెయ్యండి" అంది.

పాత బాయిలర్ మెట్ల మీదుగా పైకి రానని మొండికేసింది. దాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కా మోయించారు. కొత్తది పలకల మీద తాళ్ళు కట్టి దించారు. "నెమ్మది బావగారూ", "పట్టుకున్నాను బావగారూ" అంటూ ఇద్దరూ నడుములు పట్టుకున్నారు. వియ్యంకుడు నీళ్ళ పైపులు అతికాడు. పంపు పెట్టాడు, ఒత్తిడి మితిమీరితే తనంతట తానే తెరుచుకునే వాల్వును ట్యాంకు నెత్తిన బిగించాడు. మేస్త్రి గ్యాసు లైను వేశాడు. ముందు ఉత్త గాలి నింపి, ఒత్తిడి చూపే మీటరు ముల్లు కదలకుండా నిలబడిందా లేదా అని దాని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముల్లు నిలబడింది. అయినా ప్రతి జాయింటుకూ సబ్బునీళ్ళు పట్టాడు. పట్టి, తుడిచి, మళ్ళీ పట్టాడు. మళ్ళీ తుడిచాడు.

వియ్యంకుడు కాసేపు చూసి ఉండబట్టలేకపోయాడు. "ఏమనుకోకండి గానీ బావగారూ, పైపుకు తలంటు పోస్తున్నారా?"

"కొత్త లైను కదా బావగారూ."

"మనం పాత లైన్లు ఎప్పుడు వేశాం గనక!"

మేస్త్రి నవ్వి ఊరుకున్నాడు. వియ్యంకుడు కూడా నవ్వాడు గానీ ఒకసారి అతని మొహంలోకి చూసి తల తిప్పుకున్నాడు.

బాయిలర్ వెలిగించిన రోజు మేస్త్రి మనసు కాస్త కుదుటపడింది. కిటికీలాంటి చిన్న అద్దంలోంచి చూస్తే మంట నీలంగా, కుదురుగా, ఎక్కడా పసుపు నాలుక చాచకుండా నిలబడింది. పొగగొట్టంలో పొగను కొలిచే మీటరు పెడితే అంకెలన్నీ చెప్పినట్టు విన్నాయి. కళ్ళున్నాయి, చెవులున్నాయి, చేతులున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాడు.

పని జరిగినన్ని రోజులూ వంటింటికి వెళ్ళే పాత గ్యాసు లైను కట్టేసి ఉంచారు. వంటావిడ కరెంటు పొయ్యిల మీద నెట్టుకొచ్చింది. అంతా అయ్యాక మేస్త్రి మెట్ల పైనున్న పాత వాల్వు పిడి తిప్పి గ్యాసు వదిలాడు. ఎన్నేళ్ళుగానో ఎవరూ ముట్టని పిడి, కిర్రుమంటూ తిరిగింది. తన కొత్త జాయింట్లన్నింటికీ తలంట్లు పోసినవాడు ఆ పాతదానికి ఒక్క చుక్క పట్టలేదు. అది తను బిగించింది కాదు. ఇదివరకైతే అలాంటివి పక్కనుంచి నడిచి వెళ్ళేటప్పుడు ముక్కే చూసుకునేది.

వారం తిరక్కుండానే వార్డెనమ్మ ఫోన్ చేసింది. "ఏదో వాసన వస్తోందని మా వంటావిడ అంటోంది. నాకేమో జలుబు, తెలిసి చావడం లేదు. మీరొకసారి వచ్చిపోతే బాగుంటుంది" అంది.

వియ్యంకుడు వ్యాను ఆపుకోవడానికి చోటు వెతుక్కుంటూ ఉండిపోయాడు. మేస్త్రి ముందుగా లోపలికి నడిచాడు. సంచి వ్యానులోనే ఉంది. చలికి తలుపులన్నీ బిగించిన నడవలో వార్డెనమ్మ, వంటావిడ, ఆఫీసులకు బయల్దేరుతున్న నలుగురైదుగురు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. "ముక్కు వచ్చింది" అని ఎవరో గుసగుసగా అన్నారు. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. అందరి కళ్ళూ అతని కళ్ళకు కొంచెం కిందుగా వచ్చి ఆగాయి.

మేస్త్రి గాలి పీల్చాడు. చల్లటి గాలి లోపలికి వెళ్ళింది, వెచ్చబడి బయటికి వచ్చింది.

ఒక్క నిమిషం ఆగండి, మీటరు తెస్తాను అంటే సరిపోయేది. ఎవరూ తప్పుబట్టేవాళ్ళు కాదు. కానీ ఇన్నేళ్ళుగా ఆ ముక్కు ఎగబీల్చగానే నోరు తీర్పు చెప్పడానికి అలవాటు పడిపోయింది. ఆ అలవాటే నోరు తెరిపించింది.

"ఏమీ లేదమ్మా. కొత్త బాయిలర్ వేడెక్కితే పెయింటు వాసన వస్తుంది. రెండ్రోజుల్లో అదే పోతుంది" అన్నాడు.

"అంతే అయ్యుంటుంది. మీరు లేదంటే ఇంకేం ఉంటుంది" అంది వంటావిడ. పొద్దుటినుంచీ తన ముక్కు చెబుతున్నదాన్ని ఆ పెద్ద ముక్కు మీది గౌరవంతో పక్కన పెట్టేసి, టీ పెట్టడానికి వంటింటి వైపు తిరిగింది.

అప్పుడే వియ్యంకుడు పక్క తలుపు తోసుకుని వచ్చాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఒరేయ్!"

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో.

"ఒరేయ్ ముక్కూ, ఏం చేస్తున్నావురా! అమ్మా, పొయ్యి ముట్టించకండి! స్విచ్చిలు ముట్టుకోకండి, ఫోన్లు తియ్యకండి! ఆ తలుపు బార్లా తీసి అందరూ బయటికి నడవండి, నడవండి!" అని అరుస్తూనే అతను వెనక్కి పరిగెత్తి, భవనం బయటున్న పెద్ద వాల్వు కట్టేశాడు.

అమ్మాయిలు కోట్లు భుజాన వేసుకుని ఆవరణలో గుంపుగా నిలబడ్డారు. పై అంతస్తులవాళ్ళు తడిజుట్టుతోనే దిగివచ్చారు. తలుపులు, కిటికీలు అన్నీ తెరిచారు. గాలి ఆడాక వియ్యంకుడు మీటరు పట్టుకుని ఒక్కడే లోపలికి వెళ్ళాడు. మెట్ల పైనున్న పాత వాల్వు దగ్గర పైపులో మిగిలిన కాస్త గ్యాసుకే మీటరు గుక్కపట్టి ఏడ్చింది. పిడి తిరిగే చోట గ్యాసు బయటికి రాకుండా ఆపే లోపలి ప్యాకింగు ఎండి పొడైపోయింది. సన్నటి కారుడే. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మూసిన నడవలో, ఆ మూసిన వంటింట్లో ఒక్క నిప్పురవ్వ చాలు.

కొత్త వాల్వు వ్యానులో ఉంది. మేస్త్రి చెయ్యి చాచబోతే, "నువ్వు ముట్టుకోకు" అన్నాడు వియ్యంకుడు. పాతది విప్పి, కొత్తది తనే బిగించి, తనే సబ్బు పట్టి, తనే మీటరు పెట్టి చూశాడు. మేస్త్రి గోడకు ఆనుకుని, నేరం చేసిన బడిపిల్లాడిలా నిలబడ్డాడు. అంతా అయ్యాక వెనక మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"నీకు వాసన రాలేదా?"

"రాలేదు."

"జలుబా?"

"కాదు. జ్వరం తగ్గినప్పటినుంచీ అసలేదీ రావడం లేదు."

"ఎవరెవరికి తెలుసు?"

"డాక్టరుకు."

"నువ్వేం పని చేస్తావో ఆయనకు చెప్పావా?"

వియ్యంకుడు చేతిలోని గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. తుడవడానికి వేళ్ళ మీద ఏమీ మిగల్లేదు.

"ముక్కు పోవడం నీ తప్పు కాదురా. రేపు నా కళ్ళు పోవచ్చు, నడుం విరగొచ్చు. కానీ నువ్వు తెలియదనలేదు. లేదన్నావు. ఆవిడ అగ్గిపుల్ల గియ్యడానికి వెళ్ళింది." అతను గుడ్డను మెట్టు మీదికి విసిరాడు. "తెలియదు అనే మాటకు ఏం ఖర్చవుతుందిరా నీకు?"

కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు అతను చటుక్కున లేచాడు. "మన పిల్లల ఇంట్లో హీటరు ఎప్పుడు బిగించావు?"

మేస్త్రి కూడా లేచి నిలబడ్డాడు. "జ్వరం తగ్గాకే."

ఇద్దరూ వ్యాను ఎక్కారు.

కూతురు తలుపు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏంటి, చెప్పాపెట్టకుండా ఇద్దరూ దిగారు? మామయ్యా, అంతా బాగేనా?"

"హీటరు ఒకసారి చూసిపోదామని వచ్చామమ్మా. అదెంతసేపు" అంటూనే వియ్యంకుడు చెప్పులు విప్పి స్నానాలగదిలోకి దూరాడు.

ఆ గది ఒక మనిషికే చాలదు. అందులో ఇద్దరు పెద్దమనుషులు మోకాళ్ళ మీద కూర్చుని, ఒకడు బ్రష్షుతో సబ్బు పూస్తుంటే ఇంకొకడు టార్చి పట్టుకున్నాడు. ప్రతి జాయింటు దగ్గరా ఊపిరి బిగబట్టారు. ఒక్క బుడగా లేవలేదు. మీటరు నోరెత్తలేదు. వియ్యంకుడు బకెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాడు.

"బాగుందిరా నీ పని. ముక్కు లేకుండా కూడా శుభ్రంగా ఉంది. అందుకే నాకింకా ఒళ్ళు మండుతోంది" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ కూతురు కళ్ళు పెద్దవి చేసింది. "మామయ్యా, నాన్నని రా అంటున్నారేంటి? గొడవపడ్డారా?"

ఇంతలో నాలుగేళ్ళ మనవరాలు వాళ్ళమ్మ కాళ్ళ సందులోంచి దూరి వచ్చి, సబ్బునురగ చూసి చప్పట్లు కొడుతూ మేస్త్రి ఒళ్ళోకి ఎక్కేసింది. అలవాటుగా ఆ పిల్ల నెత్తి మీద ముక్కు ఆనించాడు. స్నానం చేయించిన పిల్ల నెత్తికి ఒక వాసన ఉంటుంది. పాలదీ కాదు, సబ్బుదీ కాదు, ఆ పిల్లదే. ఇంతకాలం పోయినది పనిముట్టు అనుకున్నాడు. పానాలాగా, మీటరులాగా. ఇది కూడా అందులోనే పోయిందని ఇప్పుడు తెలిసింది. పిల్ల జుట్టులో మొహం దాచుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు.

తల ఎత్తి కూతురికి అంతా చెప్పాడు. ఆమె "అమ్మకు తెలుసా?" అని మాత్రం అడిగింది. తెలియదన్నాడు. "అయితే ముందు ఇంటికి వెళ్ళు నాన్నా" అంది.

అతను ఇంటికి చేరేసరికి భార్య దీపం కింద కూర్చుని దుప్పటి అంచు కుట్టుకుంటోంది. మేస్త్రి నిలబడే చెప్పాడు. జ్వరం దగ్గర మొదలుపెట్టి, హాస్టల్ నడవ దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె సూది దుప్పటికి గుచ్చి పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు.

"ఇంతేనా?" అంది.

"ఇంతేనా ఏమిటే? నా బతుకే దాని మీద..."

"మీకు నా మీద కోపమొచ్చిందనుకున్నాను. వీధి చివర్నుంచి కేకలేస్తూ వచ్చే మనిషి గప్‌చుప్‌గా వచ్చి, పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని పోతున్నారు. ఏం తప్పు చేశానా అని రోజూ వెతుక్కున్నాను. మొన్న పంతానికి కూర మాడ్చి పెట్టాను. అప్పుడైనా అరుస్తారని. ఒక్క ముక్క మిగల్చకుండా తిని లేచారు. ఆ పూట నేను అన్నం తినలేదు, తెలుసా? ఈయనకు ఇక నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనుకున్నాను."

మేస్త్రి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అంతగా మాడిందా అది?"

"బొగ్గయింది. ముక్కు పోతే పోయింది, కళ్ళేమయ్యాయి?"

"నల్లగా ఉండడం చూశాను. నీకే మనసు బాగాలేక మాడ్చుకున్నావేమో, అంటే నొచ్చుకుంటావని నోరు మూసుకుని తిన్నాను."

ఆమె అతన్ని తేరిపార చూసింది. నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండిటినీ కొంగుతో తుడుచుకుని, "ఇన్నేళ్ళకు ఇంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చింది మీకు? ఒక్క మాట తిట్టి ఉంటే నెల్లాళ్ళ నరకం తప్పేది" అంది.

మర్నాడు పొద్దున మేస్త్రి వార్డెనమ్మ దగ్గరికి వెళ్ళాడు. తనకు వాసన తెలియదని, నిన్న లేదన్నది చూసి అన్న మాట కాదని, ఆ పాత వాల్వును పరీక్షించకుండా వదిలింది తనేనని చెప్పాడు. వంటావిడను పిలిపించి ఆవిడకూ చెప్పాడు. వంటావిడ చాలాసేపు అతని వంక చూసి, "నా ముక్కు నాకు చెప్పింది. నేనే వినలేదు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. వార్డెనమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. కడిగేసింది. నాలుగంతస్తుల పిల్లల తల్లిదండ్రులందరి తరపునా తానొక్కతే కడిగింది. అన్నీ అయ్యాక, నడవలోనూ నేలమాళిగలోనూ గ్యాసు కారితే మోతపెట్టే యంత్రాలు అతని చేతే బిగించుకుంది.

"మా పిల్లల్లో సగం మందికి కళ్ళద్దాలున్నాయి. వాళ్ళని ఎవరూ గుడ్డివాళ్ళనడం లేదు. మీరు మీ మీటరు పెట్టుకుని రండి. మరిచిపోయి వస్తే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తాను" అంది.

అందరూ అలా అనలేదు. ఒక పెద్ద హోటలువాళ్ళు విని, మరేమీ అనుకోవద్దని మర్యాదగా చెప్పి వేరే మనిషిని పెట్టుకున్నారు. మేస్త్రికి బాధ వేసింది గానీ వాళ్ళను తప్పుపట్టలేకపోయాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఫోన్ చెయ్యడం మానేశారు. మిగిలినవాళ్ళు మిగిలారు. వియ్యంకుడు మాత్రం చాలారోజులు అతన్ని "తమరు" అన్నాడు. "తమరు కాస్త ఆ మూత పట్టుకుంటారా?" అనేవాడు. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరిగే రకం. అది మళ్ళీ "బావగారు"లోకి, పక్కన ఎవరూ లేనప్పుడు "ఒరేయ్"లోకి దిగడానికి చలికాలం సగం పట్టింది.

ఆ చలికాలంలోనే మేస్త్రికి ఇంకొకటి తెలిసింది. తన పాత ఖాతాదారుల దగ్గరికి సర్వీసుకు వెళ్ళి, తను బిగించినవీ బిగించనివీ అని చూడకుండా ప్రతి జాయింటుకూ మీటరు పెడుతూ పోతే, అక్కడక్కడా సన్నటి కారుళ్ళు బయటపడ్డాయి. ఒక లాండ్రీలో ఒకటి, ఒక క్లినిక్కులో రెండు. నిన్నా మొన్నటివి కావు, ఏళ్ళనాటివి. అవి ఉన్నప్పుడే ఆ గదుల్లో నిలబడి గాలి పీల్చి "ఏమీ లేదు" అన్నాడు తను. అప్పుడు ముక్కు దివ్యంగా పనిచేస్తోంది. లాండ్రీలో మోకాళ్ళ మీద కూర్చుని, నురగలో నెమ్మదిగా ఉబ్బుతున్న చిన్న బుడగను చూస్తూ చాలాసేపు కదల్లేదు.

"ఏమైందిరా?" అన్నాడు వియ్యంకుడు.

"దీన్ని నేను ఎన్నేళ్ళుగా దాటుకుని పోతున్నానో లెక్కేసుకుంటున్నాను."

"లెక్క తరువాత వేద్దువు. ముందు బిగించు."

బిగించాడు. ఏడాది గడిచింది. మళ్ళీ చలి మొదలయ్యే రోజుల్లో హాస్టల్ బాయిలర్‌కు మొదటి వార్షిక సర్వీసు. వార్డెనమ్మ గేటు దగ్గర మెడలో మీటరు ఉందో లేదో చూసి లోపలికి వదిలింది. గ్యాసు కట్టేసి, బాయిలర్ చల్లారాక మేస్త్రి సబ్బునీళ్ళు సీసాలో కలిపి పక్కన పెట్టుకుని, బర్నరు బయటికి తీసి బ్రష్షుతో దుమ్ము దులిపాడు. వియ్యంకుడు హీటరు ట్యాంకు అడుగున చేరిన గసి వదలడానికి కుళాయి తిప్పాడు. గోధుమరంగు నీళ్ళు బకెట్టులోకి దూకాయి.

మేస్త్రి చటుక్కున తల ఎత్తాడు. "ఏదో కంపు కొడుతోంది."

వియ్యంకుడు కుళాయి కట్టేశాడు. ముక్కు ఎగబీల్చాడు. "నాకేం రావడం లేదే."

"రబ్బరు కాలినట్టు. కుళ్ళిన కూరగాయల్లాగా. ఘోరంగా ఉంది."

ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. మేస్త్రి మెడలోని మీటరు తీసి గదంతా తిప్పాడు. వాల్వుల దగ్గర, పైకప్పు మూలల్లో, మెట్ల పైన. సున్నా. సబ్బు పట్టారు. ఏమీ లేదు. చివరికి ఆ కంపు ఎక్కడిదో దొరికింది. మేస్త్రి చేతిలో ఉన్న సబ్బునీళ్ళ సీసాదే. మూత తీసి వియ్యంకుడి ముక్కు దగ్గర పెట్టాడు.

"సబ్బు వాసనేరా! మంచి నిమ్మకాయ వాసన" అన్నాడు వియ్యంకుడు.

"నాకు కాలిన రబ్బరు."

వాసన వస్తే అడ్డదిడ్డంగా వస్తుందన్న డాక్టరు మాట ఇద్దరికీ తెలిసిందే. అది సరిగ్గా కుదురుకుంటుందో, ఇలాగే కాలిన రబ్బరు దగ్గర ఆగిపోతుందో ఎవరికి తెలుసు? మేస్త్రి సీసాను మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకోసారి గుండెనిండా పీల్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోనీలే, ఏదో ఒకటి వస్తోంది" అన్నాడు.

"వస్తే వచ్చింది గానీ, తీర్పులు చెప్పకు" అన్నాడు వియ్యంకుడు.

"మీటరు ఉందిగా."

పై మెట్టు మీదినుంచి వార్డెనమ్మ కేకేసింది. "ఇంకా ఎంతసేపు? పిల్లలు తువ్వాళ్ళు పట్టుకుని వరసలో నిలబడ్డారు!"

"వెలిగిస్తున్నామమ్మా" అన్నాడు మేస్త్రి. బర్నరు లోపలికి తోసి బిగించాడు. గ్యాసు వదిలి, జాయింటు చుట్టూ సబ్బు పూసి, మీటరు తిప్పి, వియ్యంకుడి వంక చూశాడు. అతను తల ఊపాడు. బాయిలర్ భుస్సుమని అంటుకుంది. దాని వెనకే హీటరు అందుకుంది. ఇద్దరూ చెరో పైపు మీద అరచెయ్యి వేసి, లోహంలోకి వేడి మెల్లగా ఎక్కుతుంటే కూర్చున్నారు. కాసేపటికి పైన ఏదో అంతస్తులో ఒక అమ్మాయి "వచ్చేశాయే!" అని అరిచింది.